గొడుగు నుంచి వంతెన దాకా

ఆ విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర విభాగంలో ప్రొఫెసర్లు ఏడుగురు, పరిశోధక విద్యార్థులు నలభై మంది, అటెండరు ఒక్కడు. ఏడుగురు ప్రొఫెసర్లూ కలిసి ఎన్ని పరిశోధనల్లో తలదూర్చారో, ఆ అటెండరు ఒక్కడే అంతకు రెండింతల పరిశోధనల్లో ఉన్నాడు. పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఒక గ్రంథంలో ‘పురుషుడు, ముప్పై ఒకటి’. ఇంకోదాంట్లో ‘పురుషుడు, నలభై నాలుగు, వివాహితుడు’. మరోదాంట్లో ఒక గీతల పటం మీద, కింది నుంచి మూడో చుక్క. అన్నీ ఈయనే. గ్రంథాలయంలో అట్టలు ఊడిపోయిన ఆ బైండు పుస్తకాలన్నీ వరసగా పేరిస్తే, ఆయన ముప్పై నుంచి యాభై ఎనిమిది దాకా ఎలా పెద్దవాడయ్యాడో నాడీ రేటుతో సహా చదువుకోవచ్చు. ఇంత వివరంగా జీవిత చరిత్ర రాయించుకున్న అటెండరు భూమ్మీద మరొకడు లేడు.

అందరూ ఆయన్ని కంట్రోల్ బాబాయ్ అంటారు. పరిశోధన చేసేవాళ్లు మనుషుల్ని రెండు గుంపులుగా విడగొడతారు. ఒక గుంపుకి మందో, శిక్షణో, ఏదో ఒకటి ఇస్తారు. రెండో గుంపుకి ఏమీ ఇవ్వరు, ఊరికే కూర్చోబెట్టి కొలుస్తారు. ఇచ్చినవాళ్లు ఎంత బాగుపడ్డారో తెలియాలంటే ఇవ్వనివాళ్లు పక్కన ఉండాలి కదా. ఆ ఇవ్వని గుంపు పేరు కంట్రోల్. బాబాయ్ ఇరవై తొమ్మిదేళ్లుగా అందులోనే పాతుకుపోయాడు.

మొదలైంది ఉద్యోగంలో చేరిన మూడో నెలలో. ఒక విద్యార్థికి అరవై మంది కావలసి ఉండగా యాభై తొమ్మిది మందే దొరికారు. గడువు ఆ మధ్యాహ్నం మూడింటికి. అతను వరండాలో పిచ్చెక్కినట్టు తిరిగి తిరిగి, బల్లలు తుడుస్తున్న బాబాయ్‌ని రెక్క పట్టుకుని లాక్కుపోయి కుర్చీలో కూలేశాడు. తడిగుడ్డ చేతిలో ఉండగానే బాబాయ్ నూట ఇరవై ప్రశ్నలకి జవాబులు చెప్పాడు. ఆ విద్యార్థికి డాక్టరేటు వచ్చింది, తర్వాత ఉద్యోగం వచ్చింది, పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, ఇప్పుడు ఆ విభాగానికి హెడ్డు. ఇప్పటికీ మంచి మూడ్‌లో ఉంటే బాబాయ్‌ని ‘అరవయ్యోవాడా’ అని పిలుస్తాడు.

ఆ రోజు నుంచి ఎవరికి మనిషి తక్కువైనా బాబాయే. నొప్పి మీద పరిశోధన జరిగినప్పుడు మంచునీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టించారు. కుర్రాళ్లు నిమిషానికే కెవ్వుమన్నారు. బాబాయ్ చెయ్యి ముంచి, తన కూతురి బడి అడ్మిషను సంగతి ఎత్తుకుని, ప్రిన్సిపాలు ఏమందో, తనేమన్నాడో, మళ్లీ ఆవిడేమందో చెప్పుకుంటూ పోయాడు. చివరికి విద్యార్థే ‘బాబాయ్, నా బస్సు వెళ్లిపోతోంది, చెయ్యి తీసెయ్యండి’ అని బతిమాలాడట. కోపం మీద పరిశోధనలో ఒక నటుణ్ణి పెట్టి తిట్టించారు. పావుగంట తిట్టాక నటుడికి గొంతు పోయింది. బాబాయ్ లేచి వెళ్లి అతనికి గోరువెచ్చటి నీళ్లు తెచ్చి, ‘మీరు అసలు ఎవరి మీద కోపంగా ఉన్నారు బాబూ?’ అని అడిగాడు. అతను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడట. మోకాళ్ల నొప్పుల మందు పరిశోధనలో బాబాయ్‌కి ఇచ్చింది ఉత్త పిండి మాత్ర. మూడో వారానికి ఆయన మూడంతస్తులూ మెట్లెక్కి, అసలు మందు మింగినవాళ్లని చెయ్యిపట్టి ఎక్కించాడు. ఆ మందు కంపెనీ తర్వాత కనిపించలేదు. ఇందులో కల్తీ ఎంతో తేల్చడానికి ఏ విద్యార్థీ పూనుకోలేదు గనక ఇవన్నీ నిజాలుగానే చలామణీ అవుతున్నాయి.

బాబాయ్ కూర్చునే చోటు రెండో అంతస్తులో, జ్ఞాపకశక్తి ప్రయోగశాల బయట. ఒక ఎత్తు స్టూలు, గోడకి మేకు, మేకుకి తాళాల గుత్తి. ముప్పై రెండు తాళాలు. ఏ తాళానికీ చీటీ ఉండదు. చీకట్లో వేళ్లతో తడిమి ఏది ఏ గదిదో చెప్పగలగడం బాబాయ్ చెయ్యగలిగిన వాటిల్లో ఆయనకే అన్నిటికంటే ఎక్కువ గర్వం. కొత్తగా చేరిన ప్రొఫెసర్లు ఒకరిద్దరు కళ్లకి గుడ్డ కట్టి మరీ పరీక్షించి ఓడిపోయారు.

స్టూలుకీ ప్రయోగశాలకీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ అడ్డు. లోపల తుమ్మితే బయట ‘చిరంజీవ’ అనొచ్చు. లోపల జ్ఞాపకశక్తి పరీక్ష ఒకే తీరున జరుగుతుంది. విద్యార్థి పదిహేను మాటలు నెమ్మదిగా, మాటకొక క్షణం చొప్పున చదువుతాడు. విన్నవాళ్లు తిరిగి ఎన్ని చెప్పగలరో లెక్కపెడతాడు. మళ్లీ చదువుతాడు, మళ్లీ లెక్కపెడతాడు. అయిదుసార్లు. ఆ పదిహేను మాటలు ఇరవై తొమ్మిదేళ్లుగా మారలేదు. గొడుగు, నిచ్చెన, చిలక, సబ్బు, ఉత్తరం, గంట, బావి, దుప్పటి, సున్నం, మేక, రైలు, అద్దం, కత్తెర, ముత్యం, వంతెన. ఈ పరీక్ష పత్రాల కట్ట కొన్నప్పుడు దాంతోపాటు రెండో జాబితా కూడా వచ్చింది, ఒకే మనిషిని రెండోసారి పరీక్షించాల్సి వస్తే వాడమని. సీలు కవరులో వచ్చిన ఆ జాబితా సీలు కవరులోనే ఇనప బీరువాలోకి వెళ్లింది. జిరాక్సు తీయాల్సినప్పుడల్లా ‘ఉన్నదే తియ్యి బాబాయ్’ అనేవారు. ఉన్నదే తీసేవాడు.

ఏటా పరీక్షల కాలంలో రోజుకి నలుగురైదుగురి చొప్పున, మనిషికి అయిదేసి సార్లు, ప్లైవుడ్ గుండా ఆ మాటలు వచ్చి బాబాయ్ చెవిలో పడేవి. కూతురు చంటిపిల్లగా ఉన్నప్పుడు జోలపాటలేవీ రాక, భుజాన వేసుకుని ఆ జాబితానే రాగం తీసేవాడు. పిల్ల బంగారం, ‘దుప్పటి’ దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయేది. ఇప్పుడామెకి ముప్పై ఏళ్లు, ఇద్దరు పిల్లలు, దుప్పటి తర్వాత ఏముందో ఇప్పటికీ తెలియదు.

ఇక అసలు సంగతి. ఒకరోజు సాయంత్రం బాబాయ్ పని ముగించుకుని బస్సెక్కాడు. దిగాల్సిన చోట దిగాడు. పండ్ల బండి పక్కగా సందులోకి తిరిగి, రెండంతస్తులు ఎక్కి, జేబులోంచి తాళం తీసి తలుపులో పెట్టాడు. తిరగలేదు. పైకెత్తి తిప్పాడు, నొక్కి తిప్పాడు, తలుపుని భుజంతో నెట్టి తిప్పాడు. తాళాల విషయంలో ఓడిపోవడం ఆయనకి అలవాటు లేదు. తలుపు లోపలి నుంచే తెరుచుకుంది. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ ఎవరు కావాలని అడిగింది. మా ఇంట్లో నువ్వెవరమ్మా అని అడగబోయిన బాబాయ్‌కి ఆవిడ వెనక గోడ కనిపించింది. ఆకుపచ్చ రంగు. వాళ్ల ఇంట్లో ఆకుపచ్చ గోడ లేదు. వాళ్లు ఆ ఇల్లు ఖాళీచేసి పదకొండేళ్లయింది.

బాబాయ్ నవ్వి, ‘ఇక్కడ ఇదివరకు మేముండేవాళ్లం, మాకేమైనా ఉత్తరాలొచ్చాయేమో కనుక్కుందామని’ అన్నాడు. పదకొండేళ్ల తర్వాత ఉత్తరాల కోసం వచ్చిన మనిషిని ఆవిడ కాసేపు ఎగాదిగా చూసి, లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది. ఆయన గ్లాసు కింద పెట్టి, బస్సెక్కి, అసలు ఇంటికి చేరి, బస్సు ఆలస్యమైందని చెప్పాడు.

తర్వాత ఇంకొన్ని జరిగాయి. స్టోరు గది ముందు నిలబడి గుత్తిలో పది తాళాలు ప్రయత్నించాడు. హెడ్డుకి టీ ఇచ్చి, పావుగంటకి మళ్లీ టీ ఇచ్చాడు. హెడ్డు ఏ ఆలోచనలో ఉన్నాడో, రెండూ తాగాడు. ఎవరూ ఏమీ గమనించలేదు. మనుషుల్ని గమనించడమే వృత్తిగా ఉన్న నలభై ఏడు మంది ఆ అంతస్తులో ఉన్నారు.

ఆ సంవత్సరమే విభాగంలో పెద్ద పరిశోధన ఒకటి మొదలైంది. యాభై అయిదు దాటిన నూట ఇరవై మంది జ్ఞాపకశక్తిని కొలవాలి. పదిహేనింటిలో పదికి తక్కువ చెప్పినవాళ్లని విశ్వవిద్యాలయ ఆస్పత్రికి పంపుతారు. అక్కడ డాక్టరు చూస్తాడు, ఏడాది పాటు వారం వారం శిక్షణ ఉంటుంది. పది, ఆపైన వచ్చినవాళ్లు మామూలుగానే కంట్రోల్. ఇదంతా నడిపే పరిశోధక విద్యార్థిని మెళ్లో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతుంటుంది గనక ఆమెని అందరూ గడియారమ్మాయి అనేవారు. అన్నం తినేటప్పుడు కూడా తీసేది కాదు. ఎన్ని నిమిషాల్లో తిన్నానో చూసుకుంటుందని వెక్కిరించేవారు. నిజంగానే చూసుకునేది.

నూట పందొమ్మిది మంది దొరికారు. నూట ఇరవయ్యోవాడు ఎవరో చెప్పక్కర్లేదు.

బాబాయ్ లోపలికి వెళ్లి, ఇరవై తొమ్మిదేళ్లుగా తన చేత్తో తుడిచిన కుర్చీలో కూర్చున్నాడు. అమ్మాయి మాటలు చదివింది. బాబాయ్ తిరిగి చెప్పాడు, గొడుగు నుంచి వంతెన దాకా, గుక్క తిప్పుకోకుండా, వరస తప్పకుండా. రెండోసారి చదవాల్సిన పనే లేకపోయింది. అమ్మాయి కళ్లు పెద్దవి చేసుకుని గడియారం ఆపడం మర్చిపోయింది. అరగంట తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ పదిహేను. ఆమెకి సరదా పుట్టి వెనక నుంచి చెప్పగలరా అంది. వంతెన, ముత్యం, కత్తెర అంటూ వెనక్కి నడిచి గొడుగు దగ్గర ఆగాడు.

ఆమె పరుగెత్తుకెళ్లి హెడ్డుకి చెప్పింది. హెడ్డు ‘నా అరవయ్యోవాడు మామూలువాడు కాదు’ అని చెప్పి, ఫోటో తీయించి, ‘యాభై ఎనిమిదేళ్ల వయసులో పదిహేనుకి పదిహేను’ అని రాయించి నోటీసుబోర్డు అద్దం వెనక పెట్టించాడు. చూడటానికి వచ్చిన పెద్దలందరికీ బాబాయ్‌ని చూపించేవాడు. ప్లైవుడ్ అడ్డూ, స్టూలూ ఎవరికీ తట్టలేదు. అంతమంది చదువుకున్నవాళ్లున్న చోట అలాంటివి తట్టవు.

మోసం చేశానని బాబాయ్ అనుకోలేదు. ఆమె అడిగింది, తనకి తెలిసింది చెప్పాడు. పైగా విభాగం వాళ్లు ఆ మార్కు రాసి స్టాంపు వేసిచ్చిన కాయితం చేతిలో పడ్డాక, ఆకుపచ్చ గోడ సంగతి ఎవరో చెప్పిన కథలా అనిపించసాగింది. ఆ కాయితాన్ని మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు.

బాబాయ్ భార్య బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దుకాణంలో దర్జీ. ఇంటికి కూడా పని తెచ్చుకుంటుంది. ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద నీలం గుడ్డ పరిచి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని గుర్తులు పెడుతోంది. బాబాయ్ కాయితాన్ని గుడ్డ మీద, ఆవిడ కళ్ల ముందు పరిచాడు.

ఆవిడ చదివింది. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి డబ్బాలో వేసింది. తర్వాత సుద్దముక్క తీసుకుని గుడ్డ మీద గీత గీస్తూ, చాకలిపద్దు చదివినట్టు మొదలుపెట్టింది.

“గొడుగు, నిచ్చెన, చిలక, సబ్బు, ఉత్తరం, గంట, బావి, దుప్పటి...”

వంతెన దాకా చదివి గీత ముగించింది.

“నాకూ పదిహేనే వచ్చాయి. నాక్కూడా ఒక కాయితం ఇమ్మనండి, గోడకి తగిలించుకుంటాను. మన పిల్లకి ఎనిమిది వస్తాయి. ఇంటిల్లిపాదీ మేధావులమే.”

“నీదంతా వెటకారం.”

“అవును గానీ, పాత ఇంటికి వెళ్లారట కదా. ఉత్తరాలేమైనా వచ్చాయా?”

ఆకుపచ్చ గోడ ఇంటావిడ నెల కిందట తన కొడుక్కి చొక్కాలు కుట్టించడానికి ఆ దుకాణానికే వచ్చింది. ‘మీవారొచ్చారండీ, పాపం, తాళం తిరగడం లేదని చాలా ఇబ్బందిపడ్డారు’ అంది. బాబాయ్ భార్య ఆ పిల్లాడి మెడ కొలత రెండుసార్లు తీసుకుంది. నెల రోజులుగా ఆయన్ని చూస్తూ ఉంది. చూసింది చూసినట్టు కొలతల పుస్తకం చివరి పేజీలో రాసుకుంటూ ఉంది. ఏ తేదీన ఏమి మర్చిపోయాడో, ఎన్నిసార్లు అడిగాడో. ఏ విశ్వవిద్యాలయమూ నేర్పకుండానే ఆవిడ పరిశోధన ఆవిడ చేసుకుంది. అందులో ఇరవై మూడు వరసలున్నాయి.

పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. బాబాయ్ పైనుంచి కిందికి చదివాడు. అందులో సగం తను చేసినట్టే ఆయనకి గుర్తులేదు. తొమ్మిదో వరస దగ్గర ఆగి, ఇది నేను కాదు అన్నాడు. ఆవిడ వాదించలేదు.

“ఆ అమ్మాయికి చెప్పండి,” అంది. “ఆ మాటలు మీకు ముందే కంఠతా వచ్చని చెప్పండి. వేరేవి అడగమనండి. తక్కువ వస్తే డాక్టరు చూస్తాడటగా. ఏదో శిక్షణ ఉందటగా.”

“చెబితే తాళాలు తీసేసుకుంటారే.”

“తీసుకుంటే తీసుకోనివ్వండి.”

“ఇంకా రెండేళ్ల సర్వీసుంది. తాళాల్లేకుండా ఆ స్టూలు మీద కూర్చుని ఏం చెయ్యను? గోళ్లు గిల్లుకోనా?”

ఆవిడ గుడ్డ మడతపెట్టింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పుస్తకంలో ఇరవై నాలుగు, ఇరవై అయిదు వరసలు చేరాయి.

అలా ఎన్నాళ్లు నడిచేదో గానీ, వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరీక్షకుడొకాయన గడియారమ్మాయి లెక్కలు చూసి ఒక చుక్క దగ్గర వేలు పెట్టాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి మొదటి వినికిడిలోనే పదిహేను చెప్పడం తన సర్వీసులో చూడలేదని, ఆ ఒక్కణ్ణీ రెండో జాబితాతో మళ్లీ పరీక్షించమనీ రాశాడు. ఆమె స్టూలు దగ్గరికి వచ్చి నొచ్చుకుంటూ చెప్పింది. బాబాయ్ మీద తనకి అనుమానం లేదంది. పెద్దాయన ఊరికే పట్టుబడుతున్నాడంది. రెండో జాబితా ఎక్కడుందో తెలుసా అని అడిగింది. బీరువాలో ఉంది. బీరువా తాళం బాబాయ్ దగ్గరుంది.

“అయితే ఈ సాయంత్రం తీసి ఉంచండి బాబాయ్. రేపు పొద్దున్న పదింటికి మీకే పెట్టేస్తాను. ఐదు నిమిషాల పని.”

పరీక్ష రాయబోయేవాడి చేతికే ప్రశ్నపత్రం తాళం ఇచ్చి వెళ్లిపోయింది. ఆ విభాగంలో అది తప్పుగా ఎవరికీ తోచదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఏది కావాలన్నా బాబాయ్‌నే తీసివ్వమంటారు.

బీరువా తాళం దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది. కవరు పసుపుపచ్చబడి ఉంది, సీలు చెక్కుచెదరలేదు. బాబాయ్ దాన్ని కాసేపు చేతిలో తిప్పాడు. తర్వాత టీ కెటిలు ఆవిరి పట్టి, అంటుకున్న అంచుని సుతారంగా విప్పి, పదిహేను మాటలూ బస్సు టిక్కెట్టు వెనక రాసుకుని, మళ్లీ అంటించాడు. ఇంతమంది గ్రంథాల్లో నిజాయితీగా చుక్కగా నిలిచినవాడు ఆ చుక్కని కాపాడుకోవడానికి చేసిన మొదటి దొంగతనం అది.

ఇంటికి వెళ్లి బల్ల ముందు కూర్చుని బట్టీపట్టడం మొదలుపెట్టాడు. బుట్ట, నక్క, కిటికీ, ఉప్పు, పడవ, దిండు, మేడ, సూది. భార్య వచ్చి చూసింది. టిక్కెట్టు అందుకుని ఎదురుగా కూర్చుంది.

“చెప్పండి, నేను అడుగుతాను.”

ఆవిడ ఆపుతుందనీ, దెబ్బలాడుతుందనీ అనుకున్నాడు. ఆవిడ ఓపిగ్గా చదివింది, ఆయన చెప్పాడు. మూడు వచ్చాయి. మళ్లీ చదివింది. అయిదు వచ్చాయి. బట్టల మీద గుర్తులు పెట్టి చూపించింది, చేతి వేళ్ల మీద లెక్కపెట్టించింది, రాగం తీసి పాడింది. ఆరు దాకా వెళ్లి మళ్లీ నాలుగుకి దిగాడు. కూర పొయ్యి మీద మాడింది. దించి, గిన్నెలో నీళ్లు పోసి, వచ్చి మళ్లీ కూర్చుంది. ఆవిడ ఆయన్ని ఎందుకు ఆపలేదో బాబాయ్‌కి నాలుగోసారి చదివించేటప్పుడు అర్థమైంది. అయినా పదిసార్లు చదివించాడు.

పొద్దున్న బస్‌స్టాపులో నిలబడి మనసులో చెప్పుకుంటే మూడు వచ్చాయి.

పదింటికి గడియారమ్మాయి కవరు చింపి, కొత్త జాబితా చదివింది. మాటకొక క్షణం. చదవడం అయిపోయాక గడియారం నొక్కి, చెప్పండి అన్నట్టు తలూపింది.

“బుట్ట,” అన్నాడు బాబాయ్. “నక్క. కిటికీ.”

ఆగాడు. అమ్మాయి కలం ఎత్తి పట్టుకుని ఉంది. బయట వరండాలో ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు. బాబాయ్ కళ్లు మూసుకున్నాడు. ఆయన ముఖం తేటపడింది.

“సబ్బు, ఉత్తరం, గంట, బావి, దుప్పటి, సున్నం, మేక, రైలు, అద్దం, కత్తెర, ముత్యం, వంతెన.”

కళ్లు తెరిచేసరికి అమ్మాయి రాయడం లేదు. గడియారం తిరుగుతూనే ఉంది. ఆమె దాని వంక కాక, ప్లైవుడ్ అడ్డు వంక చూస్తోంది. అడ్డుకి అవతల, తలుపు సందులోంచి, ఖాళీ స్టూలు కనిపిస్తోంది. ఆ స్టూలుని ఆమె నాలుగేళ్లుగా రోజూ దాటుకుని లోపలికొస్తోంది.

“బాబాయ్, మీరిప్పుడు చెప్పినవి పాతవి.”

“పాత బండే ఎక్కేశానా?”

“ఎక్కేశారు.”

బాబాయ్ జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

“కొత్తవి నిన్ననే చూశానమ్మా. కవరు ఆవిరి పట్టి తీశాను. సాయంత్రమంతా మా ఆవిడ చేత చదివించుకున్నాను. చదువుకుని వస్తే వచ్చినవి మూడు.”

అమ్మాయి టిక్కెట్టుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమె పరిశోధనకి ఒక నియమం ఉంది. జాబితా ముందే చూసినవాళ్ల మార్కు చెల్లదు. పాతదీ చెల్లదు, కొత్తదీ చెల్లదు. చూసిన మనిషిని లెక్కలోంచి తీసెయ్యాలి. ఆమె ఆ సంగతి చెప్పింది. చెప్పడానికి కొంత సమయం తీసుకుంది.

“నన్ను తీసేస్తే నీకెంతమంది?”

“నూట పందొమ్మిది.”

బాబాయ్‌కి అది తగిలింది. ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరికీ ఆయన వల్ల మనిషి తక్కువ కాలేదు. “మా ఆవిడని తెస్తానమ్మా, యాభై ఆరు దాటాయి,” అన్నాడు. వెంటనే గుర్తొచ్చి, “వద్దులే, దానికి కూడా గొడుగు వచ్చు,” అన్నాడు.

అమ్మాయి నవ్వలేదు. ఆయన అడగాలనుకున్నది ఆఖరికి అడిగాడు.

“లెక్కలోంచి తీసేస్తే ఇక డాక్టరు దగ్గరికి పంపరా?”

“స్టడీ లోంచి పంపలేను. మామూలుగా వెళ్లొచ్చు బాబాయ్. అందరిలాగా. చీటీ నేను రాసిస్తాను, జరిగింది జరిగినట్టు.”

ఆమె రాసింది. సగం పేజీ రాసి, ఆగి, ఇంటి దగ్గర ఏమైనా గమనించారా అని అడిగింది. బాబాయ్ భార్య కొలతల పుస్తకం సంగతి చెప్పాడు. అమ్మాయి అది తప్పకుండా తీసుకెళ్లమని రెండుసార్లు గీత కింద గీత గీసి రాసింది. ఆ పుస్తకం ఎలా ఉంటుందో చూడాలని ఆమెకి ఉంది గానీ, అడగడం బాగుండదని ఊరుకుంది.

ఆ మధ్యాహ్నమే బాబాయ్ మేకు మీంచి గుత్తి తీసి, హెడ్డు గదికి వెళ్లి, బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాడు. హెడ్డు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత తన గది తాళం ఏదని అడిగాడు. బాబాయ్ చెయ్యి పెట్టగానే అది వచ్చింది. స్టోరు గదిది అడిగాడు. నాలుగోది సరైంది. హెడ్డు గుత్తిని చేత్తో తోసి బాబాయ్ వైపు జరిపాడు.

“నన్నడిగితే ఒక్కటీ చెప్పలేను. డాక్టరు వద్దనేదాకా నీ దగ్గరే ఉంచు.”

ఇంటికి వెళ్లాక బాబాయ్ భార్య గుత్తి విప్పి, యూనిఫాం గుడ్డ ముక్కలు గోరంత గోరంత కత్తిరించి, ఒక్కొక్క తాళానికీ ఒక్కొక్క పట్టీ కుట్టింది. గది పేరు ఎర్ర దారంతో. రెండు ఆదివారాలు పట్టింది. ముప్పై రెండింటిలో ఇరవై ఆరు ఏవో తెలిశాయి. మిగతా ఆరూ ఏ గదులవో బాబాయ్‌కే కాదు, ఎవరికీ తెలియలేదు. నోటీసుబోర్డు అద్దం తాళం ఆ ఆరింటిలోనే ఉంది. ఆరూ పెట్టి చూసే ఓపిక ఎవరికీ లేదు, అందుకే ‘పదిహేనుకి పదిహేను’ ఫోటో ఇంకా అక్కడే ఉంది.

ఆస్పత్రిలో వాళ్ల వంతు పదకొండున్నరకి వచ్చింది. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భార్య ఒళ్లో కొలతల పుస్తకం పెట్టుకుని కూర్చుంది, మధ్యలో వేలు పెట్టి. డాక్టరు గడియారమ్మాయి రాసిన చీటీ పైపైన చూసి పక్కన పెట్టాడు. పేరు అడిగాడు, వయసు అడిగాడు, ఇవాళ ఏ వారమో అడిగాడు. బాబాయ్ పేరు చెప్పాడు, వయసు చెప్పాడు, వారం దగ్గర భార్య వంక చూశాడు. ఆవిడ కిటికీ వంక చూసింది. డాక్టరు ఏదో రాసుకుని, అట్ట కింద ఉన్న అచ్చు కాయితం ఒకటి లాగి ముందు పెట్టుకున్నాడు. ఇప్పుడు కొన్ని మాటలు చదువుతాననీ, విని తిరిగి చెప్పమనీ, కంగారు పడొద్దనీ అన్నాడు.

“డాక్టరు గారూ,” అన్నాడు బాబాయ్, “మీది గొడుగుతో మొదలైతే చదవకండి.”

డాక్టరు కాయితం వంక చూశాడు. చూసి, దాన్ని బోర్లా తిప్పి పెట్టి, కింది సొరుగు లాగాడు.